ఈ పంక్తులు ఎవరివి? చిన్న భాగం చదివి పుస్తకాన్నీ రచయితనూ పోల్చుకోవడానికి సమగ్ర మార్గదర్శి

బడిలో తెలుగు చదివిన వారికి ‘సందర్భ సహిత వ్యాఖ్యలు’ గుర్తుండే ఉంటాయి. ఒక వాక్యం ఇచ్చి కవి ఎవరు, కావ్యం ఏది, ఎవరు ఎవరితో అన్నారు అని అడిగేవారు. అక్కడ పాఠ్యపుస్తకం ఒక్కటే కాబట్టి బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. అష్టావధానంలో పురాణపఠనం అనే అంశం ఉంటే పని కష్టమవుతుంది. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ఏదో ఒక కావ్యంలోంచి పద్యం చదువుతాడు, అవధాని అది ఎక్కడిదో పట్టుకుని సందర్భంతో సహా వ్యాఖ్యానించాలి. నలుగురు పుస్తకప్రియులు కూర్చుని ‘ఈ నాలుగు వాక్యాలు ఏ పుస్తకంలోవి?’ అని ఒకరినొకరు అడగడం కూడా ఆ కోవలోదే. అన్నీ చదివిన వారే ఇందులో నెగ్గుతారనుకోవడం సరికాదు. చదవని పుస్తకాన్ని కూడా సరిగ్గా ఊహించవచ్చు. దానికి ఒక పద్ధతి ఉంది.

ఆ పద్ధతికి మూలం ఒక్క మాటలో చెబుతాను: ‘ఇది దేని గురించి?’ అన్న ప్రశ్నను చివరికి నెట్టండి. మనలో చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే. ద్రౌపది కనిపిస్తే భారతమనీ, వేశ్య కనిపిస్తే ఫలానా నాటకమనీ, ఆకలి కనిపిస్తే శ్రీశ్రీ అనీ అనేస్తారు. విషయం అందరిదీ. వాక్యం నడక మాత్రం ఒక్కరిదే.

ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. నన్నయ రచన ‘శారదరాత్రు లుజ్జ్వల...’ అనే పద్యం దగ్గర ఆగిపోయింది. ఆ తరవాతి పద్యం ‘స్ఫురదరుణాంశు...’ అంటూ ఎర్రన అందుకున్నాడు. రెండూ శరదృతు వర్ణనలే. ఒకే పర్వం, ఒకే సందర్భం, ఒకే ఋతువు. పైగా ఎర్రన తన భాగాన్ని కూడా నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడి పేరనే నడిపాడు. విషయాన్ని నమ్ముకున్న వారికి ఆ ఇద్దరూ ఒక్కరే. ఛందస్సు చూసిన వారికి మొదటిది ఉత్పలమాల, రెండోది చంపకమాల అని తెలుస్తుంది. నన్నయ పద్యం వెన్నెల రాత్రిని మెల్లగా పరుస్తుంది, ఎర్రన పద్యం తెల్లవారి ఎండలోకి వస్తుంది. అక్కడి నుంచి ఇద్దరి గొంతులూ వేరుపడతాయి.

మొదటి మెట్టు: పైకి చదవడం

కళ్ళతో కాదు, గొంతుతో రెండుసార్లు చదవండి. ఫోనులో వచ్చే సందేశాల్లో పద్యపాదాలను ఎక్కడపడితే అక్కడ విరిచేస్తున్నారు. కొన్నిసార్లు పద్యాన్ని పూర్తిగా వచనంలా పరిచేస్తున్నారు. కంటికి వచనంలా కనిపించేది చెవికి కందపద్యం కావచ్చు. పద్యమా, గేయమా, వచన కవితా, కథా, నాటకంలోని సంభాషణా అన్నది తేలితే సగానికి పైగా పేర్లు జాబితాలోంచి పోతాయి.

రెండో మెట్టు: పద్యమైతే ముందుగా దాని చివర చూడండి

శతకాలలో మకుటమే, అంటే ప్రతి పద్యం చివర తిరిగి వచ్చే పిలుపే, చిరునామా. ‘విశ్వదాభిరామ వినురవేమ’, ‘సుమతీ’ అందరికీ తెలిసినవే. ‘శ్రీకాళహస్తీశ్వరా’ అంటే ధూర్జటి. ‘దాశరథీ కరుణాపయోనిధీ’ అంటే కంచర్ల గోపన్న. ‘భూషణవికాస శ్రీధర్మపురనివాస’ అంటే ధర్మపురి శేషప్ప కవి. ‘శ్రీకాకుళాంధ్రదేవ’ అంటే కాసుల పురుషోత్తమ కవి. పాడుకునే పదాలలో, కీర్తనలలో ఇదే పని ముద్ర, అంటే కవి సంతకంలా పెట్టే దేవుడి పేరు, చేస్తుంది: క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు, అన్నమయ్యకు వేంకటేశుడు.

ప్రశ్న అడిగేవారు తెలివైనవారైతే మకుటాన్ని కత్తిరించి ఇస్తారు. అప్పుడు కూడా దారి మూసుకుపోదు, ఎందుకంటే మకుటం తనకు నప్పే ఛందస్సును ముందే ఎంచుకుని ఉంటుంది. ‘దాశరథీ కరుణాపయోనిధీ’ అన్నది ఉత్పలమాల, చంపకమాలల పాదాల చివర మాత్రమే అతుకుతుంది. ‘శ్రీకాళహస్తీశ్వరా’ అన్నది శార్దూల మత్తేభాలకే సరిపోతుంది. కాబట్టి భక్తుడు దేవుడితో వాదులాడే పద్యం ఒకటి మకుటం లేకుండా ఇచ్చారనుకోండి. నడక మత్తేభమైతే దాశరథీ శతకాన్ని నిస్సంకోచంగా కొట్టివేయవచ్చు. ఆటవెలది అయితే వేమన వైపు, కందమైతే సుమతీ, కుమార, కృష్ణ శతకాల వైపు, సీసమైతే శేషప్ప వైపు, పురుషోత్తముడి వైపు చూడాలి.

వృత్తాన్ని గుర్తించడానికి గణాలన్నీ కట్టనక్కరలేదు, మొదటి మూడక్షరాలు చాలు. పొట్టిగా పలికే అక్షరం లఘువు, సాగదీసి లేదా ఊది పలికేది గురువు. గురువు, రెండు లఘువులు వస్తే ఉత్పలమాల. మూడూ లఘువులైతే చంపకమాల. మూడూ గురువులైతే శార్దూలం. రెండు లఘువులు, ఒక గురువు అయితే మత్తేభం. వేరే వృత్తాలు లేకపోలేదు కాని, మీ ముందుకు వచ్చే వృత్తపద్యాలలో ఎక్కువ భాగం ఈ నాలుగే. అక్షరాలు లెక్కపెట్టి సరిచూసుకోవాలంటే పాదానికి వరుసగా 20, 21, 19, 20. ‘ఇంతింతై వటుఁడింతయై’ అనగానే మూడు గురువులు వినిపిస్తాయి, కనుక శార్దూలం. ‘అటజని కాంచె’ అనగానే మూడు లఘువులు, కనుక చంపకమాల. వారం రోజులు సాధన చేస్తే ఇది వేళ్ళ మీద లెక్కపెట్టకుండానే వస్తుంది.

కావ్యాలకు మకుటం ఉండదు కాని, దానికి సాటి వచ్చే గుర్తు ఒకటుంది. ఆశ్వాసాల (కావ్యంలోని అధ్యాయాల) మొదటా చివరా కవి తన కృతిపతిని, అంటే కావ్యం అంకితం పొందినవారిని, పిలుస్తాడు. రాజరాజనరేంద్రుణ్ణి పిలిస్తే నన్నయ, లేదా పైన చెప్పినట్టు ఎర్రన. హరిహరనాథుణ్ణి పిలిస్తే తిక్కన. కృష్ణదేవరాయలను పిలిస్తే పెద్దన మనుచరిత్రను ముందు తలుచుకోండి. శ్రీరాముణ్ణి పిలుస్తూ కథ మాత్రం కృష్ణుడిదైతే పోతన భాగవతం. ఈ పద్యాలను తేలికగా తీసుకుని దాటేయడం మన అలవాటు. ఈ ఆటలో మాత్రం వాటి విలువ ఎక్కువ.

ఇక గొంతు సంగతి. తిక్కన పద్యం మనిషి మాట్లాడినట్టు మొదలవుతుంది. ‘వచ్చినవాఁడు ఫల్గుణుఁడు’ అన్నప్పుడు అది ఛందస్సులో ఉందన్న సంగతే గుర్తురాదు. నన్నయలో సంస్కృత సమాసాలు ఎక్కువ, అయినా బరువుగా ఉండవు. అక్షరాల పొందిక వల్ల సాఫీగా సాగిపోతాయి. పోతన ఒక ధ్వనిని పట్టుకుంటే వదలడు. వామనుడు పెరిగే పద్యంలో ‘అంతై, అంతై’ అన్న మోత ఆకాశం దాకా పాకుతుంది. పోతనదని చెప్పడానికి భక్తి ఒక్కటే సరిపోదు, ఆ మోత వినబడాలి. శ్రీనాథుడి సమాసాల్లో దర్జా ఉంటుంది, సీసపద్యంలో ఆయన ఠీవి మరీ పెరుగుతుంది.

మూడో మెట్టు: కాలం తేల్చడం

క్రియలు చూడండి. ‘చేసెను’, ‘కలదు’, ‘పోవుచుండిరి’ వంటివి గ్రాంథికం. చిన్నయసూరి నీతిచంద్రిక నుంచి కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము దాకా, ఆ తరవాత కూడా చాలాకాలం వచనం ఇలాగే నడిచింది. 1910 ప్రాంతం నుంచి గిడుగు, గురజాడల వ్యావహారిక ఉద్యమం బలపడింది. అలాగని గ్రాంథికం కనబడగానే పంతొమ్మిదో శతాబ్దమని తీర్పు ఇవ్వకండి. రెండు రీతులూ పక్కపక్కనే దశాబ్దాల పాటు సాగాయి. గురజాడ కన్యాశుల్కం మొదటి ముద్రణే 1897 నాటిది, అందులో మనుషులు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు.

అరసున్న, బండి ఱ ఉంటే పాత ముద్రణ అని ఊహించవచ్చు. లేకపోతే మాత్రం కొత్త రచన అని అనలేం, ఎందుకంటే మళ్ళీ అచ్చు వేసేటప్పుడు వాటిని తీసేసిన ప్రచురణలు కొల్లలు.

డబ్బులూ కొలతలూ ఇంకా గట్టి ఆధారాలు. 1957లో దశాంశ నాణేలు వచ్చాయి. అణాలు, బేడలు లెక్కపెట్టుకునే పాత్ర ఉంటే కథాకాలం చాలావరకు అంతకు ముందుది. పావలా అన్న మాట తరవాత కూడా బతికింది కనుక దానితో ఏమీ తేలదు. వీశెలు, మైళ్ళు కూడా ఇలాగే ఉపయోగపడతాయి. ఒక్క జాగ్రత్త: ఇవి చెప్పేది కథ జరిగిన కాలం, రాసిన కాలం కాదు. చారిత్రక నవల అనుకుంటే మళ్ళీ క్రియల దగ్గరికీ కథనం దగ్గరికీ వెళ్ళాలి.

కాలం తప్పితే ఎంత పెద్ద పొరపాటు జరుగుతుందో చూపే పద్యం మన నాలుకల మీదే ఉంది. ‘జెండాపై కపిరాజు’ అనే పద్యాన్ని తిక్కనకు అంటగట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. సందర్భం ఉద్యోగపర్వం, మాట్లాడేది కృష్ణుడు, ఛందస్సు నిర్దుష్టమైన శార్దూలం. విషయం చూస్తే తిక్కనే. కాని మొట్టమొదటి మాట చూడండి. జెండా హిందుస్తానీ నుంచి మనకు వచ్చింది. పదమూడో శతాబ్దంలో తిక్కన అయితే పడగ అనో కేతనం అనో అనేవాడు. ఆ పద్యం తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలలోది. ‘చెల్లియో చెల్లకో’, ‘అలుగుటయే యెరుంగని’, ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ కూడా వారివే. ఆ జంటకవులు అవధానంలో దిట్టలు. రంగస్థలం మీద హార్మోనియం తోడుగా ఊరూరా మోగిన ఆ పద్యాలు అసలు భారతం కంటే దగ్గరైపోయాయి. వారి పేరు వారికి దక్కాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇలాంటిదే ఇంకొకటి. ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము’ అనే పద్యం హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో వినబడుతుంది కనుక బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదని అనుకుంటారు. అది గుర్రం జాషువ పద్యం. నటులు దాన్ని నాటకంలోకి తెచ్చుకున్నారు. అంటే పద్యం ఎక్కడ విన్నామన్నది కూడా ఆధారం కాదన్నమాట.

నాలుగో మెట్టు: వచనంలో ఎవరు చెబుతున్నారో చూడండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఆధునిక వచనానికి మకుటాలు లేవు, గణాలు లేవు, పాత్రల పేర్లను ప్రశ్న అడిగేవారు తీసేస్తారు. మిగిలేది వాక్యం ఒక్కటే. వాక్యాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. కథ చెబుతున్నది పాత్రా, బయటివాడా? సంభాషణ ఎంత, వర్ణన ఎంత? పోలికలు ఉన్నాయా, ఉంటే ఎక్కడి నుంచి తెచ్చారు? వాక్యం పొడవెంత, ఎక్కడ విరుగుతోంది?

సంభాషణ మీద సంభాషణ వస్తూ, ‘అన్నాడు’, ‘అంది’ దాదాపు లేకుండా, అయినా ఎవరి మాట ఏదో తెలిసిపోతూ ఉంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిని తలుచుకోండి. గోదావరి జిల్లాల ఇళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు, నుడికారంతో నిండిన తెలుగు అక్కడ దొరుకుతుంది. సంస్కృత పదం రావలసిన చోట ఇంటి మాట వస్తే ఆయన మీద అనుమానం పెంచుకోండి.

వాక్యాలు తెగి తెగి, చుక్కలతో, ప్రశ్నలతో, ఎవరినో నిలదీస్తున్నట్టు సాగితే చలం. మైదానంలో కథ చెప్పేది ఆ స్త్రీయే. ఆలోచనకూ మాటకూ మధ్య గోడ ఉండదు. కాని చలాన్ని అనుకరించినవారు చాలామంది ఉన్నారు. అనుకరణలో ఆవేశం ఉంటుంది, చలంలో ఆవేశం పక్కనే చిన్న భౌతిక వివరం ఉంటుంది: ఇసుక, నీళ్ళు, ఎండ, ఒంటి స్పర్శ. అది లేకపోతే వేరే పేరు వెతకండి.

ఒక పోలిక చాలక దాని వెంట మరొకటి, ఆ వెంట ఇంకొకటి వచ్చి, ఆ వరసలోంచి వెటకారమో జాలో పుట్టుకొస్తే రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి). కోర్టు, పోలీసు స్టేషను, సారా, విశాఖపట్నం వీధులు ఉంటే అనుమానం బలపడుతుంది. ఆయన వృత్తి వకీలు. అయితే అల్పజీవిలో ఇవేవీ ముందుకు రావు. పిరికి మనిషి మనసులో తిరిగే ఆలోచనలే కథంతా. అందుకే కోర్టు లేదని ఆయన పేరును కొట్టేయకండి. పోలిక కోసం చూడండి.

అసలు పోలికలే లేకుండా జీతాలు, అద్దెలు, పెళ్ళి ఖర్చులు, మనుషుల లెక్కలు నిదానంగా చెప్పుకుపోతే కొడవటిగంటి కుటుంబరావు. ఆ సాదాతనాన్ని గుర్తించడం అన్నిటికంటే కష్టం. చందమామ సంపాదకత్వంలో ఏళ్ళ తరబడి పనిచేసిన చేతి వచనం అది. అక్కరలేని మాట ఉండదు. అంత పొదుపూ ఉండి కథ ఇంకా చిన్నదై, చివరి వాక్యం దగ్గర బిగుసుకుంటే చాగంటి సోమయాజులు. ప్రకృతి వర్ణన, దాని మీద తాత్విక ప్రశ్న, మళ్ళీ లోపలి మనసు అన్న వరస ఉంటే బుచ్చిబాబు.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చదవడం కంటే మంచి సాధన లేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు, అడివి బాపిరాజు నారాయణరావు బహుమతిని పంచుకున్నాయి. కాలం ఒకటే, పాఠకులూ ఒకరే. వేయిపడగలలో రచయిత కథను ఆపి వాదిస్తాడు, వ్యాఖ్యానిస్తాడు, మళ్ళీ కథలోకి వస్తాడు. బాపిరాజు చిత్రకారుడు, రంగు, నగ, చీర అంచు, ముఖం తీరు వదలకుండా చూపిస్తాడు. ఏ పేజీ తెరిచినా పది వాక్యాలలోపే తేడా తెలిసిపోతుంది.

పుస్తకమూ రచయితా ఒకటి కాని సందర్భం కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. మహాప్రస్థానం శ్రీశ్రీది, కాని దాని ముందున్న ‘యోగ్యతాపత్రం’ చలం రాసింది. అందులోంచి మూడు వాక్యాలు ఇచ్చి అడిగితే పుస్తకం పేరు సరిగ్గా చెప్పి రచయిత దగ్గర తప్పేవారే ఎక్కువ.

ఐదో మెట్టు: ప్రాంతం

మాండలికం ప్రాంతాన్ని చెబుతుంది, పేరును చెప్పదు. ‘నాను’, ‘ఏటి’ ఉంటే ఉత్తరాంధ్ర. అక్కడి నుంచి గురజాడ, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు అందరూ వచ్చారు. అసలు అడగవలసిన ప్రశ్న, మాండలికం పాత్రల నోట మాత్రమే ఉందా, కథనమంతా అందులోనే ఉందా అని. రావిశాస్త్రిలో అది ఎక్కువగా పాత్రల నోట వినబడుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మిట్టూరోడి కతలలో కథ చెప్పే గొంతే చిత్తూరు జిల్లా పల్లెది. తెలంగాణ గ్రామీణ స్త్రీల పలుకుబడి కథనం నిండా పరుచుకుని ఉంటే పాకాల యశోదారెడ్డిని తలుచుకోవాలి. దాశరథి రంగాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అయితే నిజాం కాలపు గడీలు, దొరలు, వెట్టి కూడా తోడుంటాయి.

ఊరు పేరు తీసేసినా నేల మిగులుతుంది. లాకులు, కాలువగట్లు, పడవ ప్రయాణాలు ఉంటే డెల్టా. చెరువు కట్ట, గడీ, పటేలు ఉంటే తెలంగాణ.

ఆరో మెట్టు: అనువాదమేమో చూసుకోండి

సమోవార్, కోపెక్కులు, వెర్స్టులు వంటి రష్యన్ మాటలు కనబడితే వెంటనే తెలుస్తుంది: మాస్కో నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన పుస్తకాలు మన ఇళ్ళల్లో ఎన్నో ఉన్నాయి. అక్కడ ఉండి అనువదించిన వారిలో ఉప్పల లక్ష్మణరావు ఒకరు. అప్పుడు జవాబులో మూల రచయిత పేరుతోపాటు అనువాదకుడి పేరు కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు విన్న తెలుగు గొంతు ఆయనది. బెంగాలీ నుంచి వచ్చినవి ఇంత తేలికగా దొరకవు. చక్రపాణి అనువదించిన శరత్ నవలలను తెలుగు నవలలుగానే చదువుకున్న తరం ఉంది. కుటుంబం, వరసలు, పండుగలు మనవాటికి దగ్గరగా ఉంటూ, జమీందారీ ఇంటి మర్యాదలో ఒక్క చిన్న తేడా కనిపిస్తే అటువైపు ఆలోచించండి.

ఏడో మెట్టు: జవాబు చెప్పే ముందు

రెండు పేర్లు కాగితం మీద రాయండి, ఒక్కటి వద్దు. ఒక్కో పేరు పక్కన ఒక అనుకూల కారణం, ఒక ప్రతికూల కారణం రాయండి. ప్రతికూల కారణం దొరకకపోతే మీరు ఇంకా సరిగ్గా చదవలేదని అర్థం. పేరు కంటే ముందు కారణం చెప్పడం అలవాటు చేసుకోండి. ‘పోలికల వరస ఉంది, మాట ఉత్తరాంధ్రది, కథనం మాత్రం శిష్టభాషలో ఉంది, కనుక రావిశాస్త్రి’ అన్నది జవాబు. పేరు తప్పినా కారణం నిలిస్తే ఆ ప్రయత్నానికి మార్కు వేయాలన్నది నా అభిప్రాయం.

చెప్పిన తరవాతే సరిచూసుకోండి. పద్యాలకు ఆంధ్రభారతి, తెలుగు వికీసోర్స్, కథలకు కథానిలయం వెబ్‌సైటు చాలావరకు తోడ్పడతాయి. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన ఆ గ్రంథాలయం కథాప్రియులకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. వెతికేటప్పుడు పద్యం మొత్తం పెట్టకండి. సంధి విడదీసి, అరసున్న తీసేసి, అరుదైన రెండు మాటలు మాత్రమే పెట్టండి. దొరకకపోతే ర బదులు ఱ పెట్టి మళ్ళీ చూడండి. ఎవరో పంపిన బొమ్మ మీద కవి పేరు ఉందని నమ్మకండి. వేమన పేరు మీద తిరిగే పద్యాలన్నీ వేమనవి కావు. చాటుపద్యాలు శ్రీనాథుడివి, తెనాలి రామకృష్ణుడివి అని చెప్పుకునేవాటిలో చాలావాటికి ఆధారం జనశ్రుతి మాత్రమే. అలాంటప్పుడు ‘శ్రీనాథుడిదిగా ప్రసిద్ధం’ అని చెప్పడమే న్యాయం.

మీరే ప్రశ్న తయారు చేయాలంటే

నాలుగు నుంచి ఆరు వాక్యాలు ఇవ్వండి. అంతకంటే తక్కువైతే అదృష్టపరీక్ష అవుతుంది. ‘తాంబూలాలిచ్చేశాను’ వంటి అందరూ ఎరిగిన మాటలు వద్దు. ఆ పుస్తకంలోనే ఎవరూ ఎత్తిచూపని పేజీకి వెళ్ళండి. పేర్లు తీసేయండి కాని బంధుత్వాలను, డబ్బులను, తిండిని, ఊరి ఆనవాళ్ళను ఉంచండి. అక్షరాలను మాత్రం ముట్టుకోకండి: పుస్తకంలో ‘వొచ్చి’ అని ఉంటే ‘వచ్చి’ అని దిద్దితే రచయిత గొంతు పోతుంది, అడిగిన ప్రశ్నకు అర్థమూ పోతుంది. ఏ ముద్రణలోంచి తీసుకున్నారో, ఏ పేజీయో రాసి పెట్టుకోండి. కన్యాశుల్కం 1909లో రెండో కూర్పు వచ్చేసరికి బాగా పెరిగి మారింది. మొదటి కూర్పు మాత్రమే చదివినవారు మీ వాక్యం అందులో లేదని వాదిస్తే చూపించడానికి ఆ వివరం మీ దగ్గర ఉండాలి.